లంకెలూ, ఇంటిగుట్టూ

మా నాన్నగారు చదువుతున్న పుస్తకంలో గుర్తుకోసం మొగలిరేకు పెట్టుకొనేవారు. ఆ రేకు ఏ పుటలో ఉన్నదో ఆయనకూ, ఆ పుస్తకానికీ తప్ప మూడవవారికి తెలిసేది కాదు. గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకమైతే వేరే సంగతి. ఎవరు ఏ పుస్తకం పట్టుకొనిపోయారో అక్కడి రిజిస్టరులో ఉండేది. తిరగేస్తే ఎవరికైనా కనబడేది. ఈ రెండింటికీ ఉన్న భేదం నాకు ఏభయ్యవ యేట గాని తలకెక్కలేదు. తెలుగు పండితుణ్ణి గదా, అంతవరకూ భేదాలంటే సంధుల్లోనూ సమాసాల్లోనూ వెదుక్కొనేవాణ్ణి.

అంతర్జాలంలో నచ్చిన పుటల లంకెలను ఒకచోట దాచుకొని, వాటికి మనకు తోచిన పేర్లు తగిలించి, నలుగురితో పంచుకొనే సదుపాయం 2003లో డెలిషస్‌తో బాగా ప్రచారంలోకి వచ్చింది. జాషువా షాక్టర్ అనే ఆయన దానిని నిర్మించాడు. 2005 డిసెంబరులో యాహూ వారు కొన్నారు. ఆ పేర్లనే ట్యాగులన్నారు. ఒక లంకెకు నేను 'ఛందస్సు' అని ట్యాగు పెడితే, అదే లంకెను దాచుకొన్న ఇంకొకరెవరో కనబడతారు. ఆయన దాచుకొన్న తక్కినవి చూస్తే నాకు తెలియని పాత లక్షణగ్రంథమేదో దొరుకుతుంది. ముఖం ఎరుగని సహృదయుడొకడు మన అలమర పక్కనే తన అలమర తెరచి నిలబడ్డట్టుండేది. ఆ ఆనందాన్ని నేను ఇప్పటికీ కాదనను.

అయితే ఈ ఏర్పాటు పంపకం మీదనే నిలబడ్డది. అందరివీ అందరికీ కనబడితేనే ట్యాగులకు విలువ. అందుచేత మొదట్లో డెలిషస్‌లో దాచినవన్నీ బహిరంగమే. కొందరు మొరపెట్టుకోగా 2006లో గాని 'ఇది ఎవరికీ చూపవద్దు' అనే గడి రాలేదు. వచ్చినా, టిక్కు పెట్టవలసిన బాధ్యత దాచుకొనేవాడిదే. మరచిపోతే లోకానికంతటికీ చూపినట్టే. మనిషి మరచిపోయేది ఎప్పుడు? మనసు బాగా లేనప్పుడు.

సరే, అసలు విషయానికి వస్తాను. నేను వాడినది ఇటువంటిదే వేరొక సేవ. దాని పేరు ఇప్పుడెందుకు గాని, నడత మాత్రం ఇదే. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న నా పాత విద్యార్థి ఒకడు నాకు ఖాతా తెరిచిపెట్టాడు. "మాస్టారూ, మీరు ఏం చదువుతున్నారో నాకూ తెలుస్తూ ఉంటుంది" అన్నాడు. నాకు గర్వంగానే ఉండింది.

2009 వేసవిలో నా భార్యకు రొమ్ములో గడ్డ కనబడింది. డాక్టరుగారు బయాప్సీ చేయించాలన్నారు. మా అమ్మాయికి ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం పరీక్షలు జరుగుతున్నాయి. "అవి అయ్యేవరకూ ఎవరికీ చెప్పవద్దండీ. దానికసలే తెలియకూడదు" అని నా చేత మాట తీసుకొన్నది. నేను ఎవరికీ చెప్పలేదు. పగలు పాఠశాల. రాత్రి ఆవిడ నిద్రపోయిన తరువాత కంప్యూటరు ముందు కూర్చొని, ఆ జబ్బును గురించి కనబడిన పుటలన్నీ చదివేవాణ్ణి. అర్థం కానివి మళ్ళీ చూడవచ్చునని దాచుకొన్నాను. అవి పదకొండు. వాటికి నేను పెట్టుకొన్న ట్యాగు నా భార్య పేరు.

నాలుగవనాడు సాయంత్రం మా పక్క వీధిలో ఉండే ఆ విద్యార్థి తల్లి సంచీ నిండా బత్తాయిపళ్ళతో వచ్చింది. తలుపు తీసినది మా ఆవిడే. "ఏమమ్మా, ఇంత కష్టం వస్తే మాకు ఒక్క మాట చెప్పకూడదా? అబ్బాయి ఫోన్‌లో చెప్పి బాధపడ్డాడు" అన్నదావిడ కళ్ళు తుడుచుకొంటూ. ఆవిడ వెళ్ళిన తరువాత నా భార్య అడిగినది ఒకటే ప్రశ్న. "ఎవరికి చెప్పారు?"

"ఎవరికీ చెప్పలేదు" అన్నాను. అది అక్షరాలా నిజం. ఆమె నమ్మలేదు. నమ్మడానికి నా దగ్గర ఆధారం కూడా లేదు. లంకె, ట్యాగు అని నేను వివరించబోతే వినకుండా పళ్ళ సంచీ తీసుకొని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ముప్ఫయ్యేళ్ళు వ్యాకరణం చెప్పినవాడికి 'చెప్పడం' అనే మాటకు అర్థం చెప్పడం చేతకాలేదు. ఇంటిగుట్టు లంకకు చేటు అని సామెత. మా ఇంట లంకెలే గుట్టుకు చేటయ్యాయి.

ఆ కుర్రవాడిని తప్పుపట్టలేను. గురుపత్ని మీది భక్తితోనే తల్లికి చెప్పాడు. ఆ రాత్రే కూర్చొని పదకొండింటికీ టిక్కు పెట్టాను. పెట్టి ఏం లాభం? నన్ను అనుసరించేవారి ఫీడు రీడర్లలోకి అప్పటికే చేరిన నకళ్ళు అక్కడే ఉంటాయట. కిటికీ మూసినంత మాత్రాన చూచినవాడి కళ్ళలోంచి దృశ్యం చెరిగిపోదు గదా.

ఆ సేవ వారికి, నిఘంటువు పక్కన పెట్టుకొని, ఇంగ్లీషులో ఒక ఉత్తరం వ్రాశాను. ముందు అన్నీ గుట్టుగా ఉండాలి, చూపదలచినవాటికే టిక్కు పెట్టుకోవాలి అన్నాను. ఒక ట్యాగును ఒకసారి గుట్టన్న తరువాత దాని కిందికి వచ్చేవన్నీ గుట్టుగానే ఉండాలన్నాను. దాచే ముందు 'ఇది ఇంతమందికి కనబడుతుంది' అని ఒక్క పంక్తి చూపమన్నాను. మీ సూచనకు కృతజ్ఞతలు అని రెండు వాక్యాల జవాబు వచ్చింది. మార్పు రాలేదు. నా మూడు కోరికల్లో మూడవదానికే ఇప్పటికీ నా వోటు. మనుషులు తెలిసి చూపుకొంటే బాధ లేదు.

అదే 2009లో మొదలైన పిన్‌బోర్డులో, కొత్తగా దాచేవన్నీ తమంతట తామే గుట్టుగా ఉండేటట్టు ఒక అమరిక ఉన్నది. రుసుము పుచ్చుకొని నడిపే చిన్న అంగడి అది. డబ్బిచ్చేవాడి గుట్టుకు విలువ ఉండడంలో వింత లేదు. 2010 డిసెంబరులో యాహూ వారు డెలిషస్‌ను మూసివేయబోతున్నారని పొక్కినప్పుడు ఎందరో మూట కట్టుకొని అక్కడికే వెళ్ళారు. డెలిషస్ 2011లో యూట్యూబు స్థాపకులు ఇద్దరి చేతికి వెళ్ళి, మరికొన్ని చేతులు మారి, చివరకు 2017లో ఆ చిన్న అంగడివాడే కొనుక్కొన్నాడు. పెద్ద పొట్టేలును మేకపిల్ల కొనుక్కొన్నట్టు.

నేను వాడిన సేవ కూడా తరువాత మూతపడింది. మూసేముందు ఎవరి లంకెలు వారు ఒక దస్త్రంగా దింపుకోమన్నారు. దింపుకొని, మరచిపోయాను. మా ఆవిడకు శస్త్రచికిత్స, ఆ తరువాతి మందులు, జుట్టు ఊడడం, మళ్ళీ రావడం అన్నీ అయిపోయాయి. నేను ఉద్యోగ విరమణ చేసి కూడా ఏళ్ళయింది.

కిందటి నెల అమ్మాయి వచ్చినప్పుడు ఆ దస్త్రం బయటపడింది. ప్రతి లంకె పక్కనా గుట్టు అయితే ఒకటి, కాకపోతే సున్న. ఆ పదకొండింటి పక్కనా ఒకటే ఉన్నది, ఆలస్యంగా పెట్టినదే అయినా. పక్కన దాచిన సమయం పదంకెల సంఖ్యగా ఉంటే, అమ్మాయి దానిని తేదీగా, గంటలుగా మార్చి పట్టిక వేసింది. లంకెల్లో సగానికి పైగా ఇప్పుడు తెరుచుకోవు. మా ఆవిడ కళ్ళజోడు సవరించుకొని, తన పేరుతో ఉన్న వరుసలన్నీ మెల్లగా పైనుంచి కిందికి చదివింది.

"రెండుంబావు. మూడు. మళ్ళీ రెండున్నర" అన్నది. "నేను నిద్రపోతున్నాననుకొని లేచి కూర్చొనేవారా?"

అవునన్నాను.

"నేనూ నిద్రపోలేదు" అన్నది.