గుమ్మపాలు, దాలిపాలు, ప్యాకెట్టుపాలు

పాఠశాల సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాయుమని సంపాదకులు కోరినప్పుడు, పెద్ద విషయములను గూర్చి వ్రాయుటకు నాకు ధైర్యము చాలలేదు. కావున ప్రతి గృహమునందును తెల్లవారగనే కనబడు వస్తువును గూర్చి వ్రాయదలంచితిని. అది పాలు. ఈ సందర్భమున నొక తప్పును గూడ ఒప్పుకొనవలసియున్నది. దానిని మా యింటివారికి దక్క పరులకు నేనింతవరకు చెప్పియుండలేదు.

మా యిల్లు మండపేటకు సమీపమున కాలువగట్టున నుండెడిది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట గోదావరి జలములు కాలువలవెంట డెల్టాయంతటను ప్రాకి, మనుష్యులకు ధాన్యమును, పశువులకు గ్రాసమును గూడ నిచ్చినవి. వరి కోసిన పిదప చేలలో జనుము, పిల్లిపెసర చల్లుట మావారి యాచారము. ఆ పచ్చిమేత తిని గేదెలు సమృద్ధిగా పాలిచ్చును. ఉత్తరమున రోహతక్, హిస్సారు ప్రాంతములకు చెందిన ముర్రాజాతి గేదెలన్న మా రైతులకు మిక్కిలి మక్కువ. మా తాతగారికి అట్టి గేదెలు మూడుండెడివి.

పాలను గూర్చి మా యింట రెండు మతములుండెను. తాతగారిది గుమ్మపాల మతము. పొదుగునుండి పిండిన వెంటనే, నురుగు చావకముందే, గోరువెచ్చగానున్న పాలు త్రాగినవాడే బలవంతుడగునని వారి నమ్మకము. మన ప్రాచీన వైద్యులును దీనిని ధారోష్ణమను పేర పొగడియున్నారు. అమ్మమ్మగారిది దాలిపాల మతము. ఆమె పాలను వడియగట్టి, మట్టికుండలో పోసి, పిడకలు రాజవేసిన దాలిలో నుంచి, మూత పెట్టెడిది. మంట యుండదు, నిప్పు మాత్రము బూడిద మాటున నిలిచియుండును. సాయంకాలమునకు పాలు ఎఱ్ఱబాఱి, వ్రేలి మందమున మీగడ కట్టెడివి. కుండను తోమి, వేడినీటితో కడిగి, ఎండలో బోర్లించినగాని మఱునాడు దానిలో చుక్క పాలైనను పోయనిచ్చెడిది కాదు.

1976వ సంవత్సరపు వేసవిలో మా గేదెలలో నొకటి నెలలు నిండకుండ ఈచుకొనిపోయెను. దూడ దక్కలేదు, గేదె మాత్రము పాలకు వచ్చెను. దిష్టి తగిలినదని తాతగారనిరి. "ఆ గేదె పాలు పిల్లల చేతికి ఇవ్వకండి, దాలిలోకి తప్ప మరెక్కడికీ పోనివ్వను" అని అమ్మమ్మ పట్టుపట్టెను. నాకప్పుడు పండ్రెండేండ్లు, మా తమ్మునికి తొమ్మిది. వద్దన్న పనిని చేయుటయే వీరత్వమని తలంచు వయస్సది. ఒక యుదయమున పెద్దవారు లేని సమయము చూచి నేనా గేదె పాలను లోటాలోనికి పిండి, సగము త్రాగి, మిగిలిన సగమును తమ్మునికందిచ్చితిని. వాడు వెనుకాడెను. "పిరికివాడా" యని నేను గేలి చేసితిని. వాడు కన్నులు మూసికొని త్రాగెను. ఇట్లు వారము దినములు జరిగెను.

నెల తిరుగకుండ వానికి జ్వరము వచ్చెను. పగలు తగ్గును, సాయంకాలము హెచ్చును, రాత్రి చెమటతో పక్క తడియును. మోకాళ్లు, నడుము నొప్పులని యేడ్చువాడు. మలేరియా యని కొన్నాళ్లు, టైఫాయిడని కొన్నాళ్లు మందులు వాడితిమి. వాడు పుల్లవలె నయ్యెను. తుదకు కాకినాడలో నొక వైద్యుని కడకు తీసికొనిపోగా, ఆయన నాడి చూచి, "మీ యింట పశువు లేవైన ఈచుకొనిపోయినవా? ఈ పిల్లవాడు పచ్చిపాలు త్రాగునా?" అని యడిగెను. మా తండ్రిగారు లేదనిరి. నేను గుమ్మమువద్ద నిలువబడి నేల చూచుచుంటిని. రక్తపరీక్షయందు అది బ్రూసెల్లోసిస్ అని తేలెను. ఈచుకొనిపోయిన పశువు మాయను, చచ్చిన దూడను ముట్టుటవలన గూడ నది రావచ్చునని వైద్యుడు చెప్పెను. కాని తమ్ముడాపనిలో చేయి పెట్టనేలేదు. ఆఱు వారములు మందులు, సూదులు తప్పలేదు. వానికి బడిలో నొక సంవత్సరము పోయెను.

ఆ రాత్రి అమ్మమ్మవద్ద నంతయు చెప్పితిని. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. చాలసేపు మాటలాడక, "రేపటినుంచి పాలకుండ నీదేరా నాయనా" అని మాత్రమనెను. ఆ యేడాది పొడుగునను కుండ తోముట, దాలి రాజవేయుట, మూత పెట్టుట నా పనియయ్యెను. దానికంటె కఠినమైన శిక్షయు, దానికంటె మంచి పాఠమును నాకు మఱల దొరకలేదు.

చదువరులిచట నొక సంగతిని గమనింపవలెను. లోటా యొకటే, పాలొకటే, త్రాగినవారము ఇద్దరము. జ్వరము వచ్చినది తమ్మునికి, నాకేమియు కాలేదు. "మేము పుట్టినది మొదలు పచ్చిపాలే త్రాగితిమి, మాకేమైనది?" అని పలువురు పెద్దలడుగుదురు. వారు చెప్పునది యబద్ధము కాదు. నన్నొక్కనిని చూచినచో నేనును వారి పక్షముననే సాక్ష్యము చెప్పవలసివచ్చును. కాని ఆ లోటాకు రెండవ సగము కలదు. తప్పించుకొన్నవాని మాట పదిమంది విందురు. మంచము పట్టిన పసివాని మాట వినుటకు గది లోపలికి పోవలెను. శిశువులు, గర్భిణులు, వృద్ధులు, రోగముచే నీరసించినవారు ఆ రెండవ సగమున నుందురు.

ఈ జ్వరపు చరిత్రము తెలిసికొనదగినది. మధ్యధరా సముద్రములోని మాల్టా ద్వీపమున సైనికులు దీనిచే మిక్కిలి బాధపడుచుండిరి. 1887లో డేవిడ్ బ్రూస్ అను సైనికవైద్యుడు దీని క్రిమిని కనిపెట్టెను. అది యెచటనుండి వచ్చుచున్నదో చాలకాలము తెలియలేదు. 1905లో ఆ ద్వీపవాసియే యైన థెమిస్టోక్లీస్ జామిట్ అను వైద్యుడు, చూచుటకు ఆరోగ్యముగా నున్న మేకలయందే యా క్రిమి దాగియున్నదని తెలిసికొనెను. మఱుసటి సంవత్సరము సైనికులకు పచ్చి మేకపాలు మాన్పింపగా జ్వరము చాలవఱకు తగ్గిపోయెను. పశువు నిగనిగలాడుచున్నంతమాత్రమున పాలు నిర్దోషములని చెప్పరాదని దీనివలన తేలుచున్నది. పశువులకు వచ్చు క్షయయు పచ్చిపాలద్వారా మనుష్యులకు సోకును. పేడచేతులు, మురికిపాత్రలు, ఈగలు చేర్చు విరేచనకారకమైన క్రిములు వేఱు.

లూయీ పాశ్చరు 1860 దశకమున ద్రాక్షసారాయము చెడకుండుటకై మితమైన వేడి చాలునని కనుగొనెను. పాలకు దానిని వర్తింపజేయుమని 1886లో సాక్స్‌లెట్ అను జర్మను రసాయనవేత్త సూచించెను. 1893లో నేథన్ స్ట్రాస్ అను వర్తకుడు న్యూయార్కు నగరమున బీదపిల్లలకు ఇట్టి పాలనిచ్చు కేంద్రములను స్థాపించెను. పద్ధతి సులభమే. పాలను 63 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో 30 నిమిషములుగాని, 72 డిగ్రీలలో 15 సెకండ్లుగాని యుంచి, వెంటనే 4 డిగ్రీల ప్రాంతమునకు చల్లార్చుదురు. పాలు పొంగనక్కఱలేదు; రోగకారకములైన క్రిములు చచ్చును. పచ్చిపాలలో సహజముగానుండు ఫాస్ఫటేసు అను ఎంజైము ఈ వేడికే నశించును గనుక, అది మిగిలినదా లేదా యని పరీక్షించి పని సరిగా జరిగినదో లేదో కనుగొందురు.

నేను పెద్దవాడనై విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడనైన పిదప, ఒక సెలవునాడు ప్రయోగశాలలోని ఉష్ణమాపకమును తెచ్చి అమ్మమ్మ దాలిలోని పాలయందుంచి చూచితిని. గంటల తరబడి అది 80 డిగ్రీలకు దిగలేదు. పాశ్చరు పేరెన్నడు వినని యామె, ఆయన కోరినదానికంటె నెక్కువ వేడిని, ఎక్కువ సేపు, ఒక్క పిడకల నిప్పుతో నడపుచుండెను. మఱియొక రహస్యమును గ్రహించితిని. దాలి పాలను శుద్ధి చేయుట మాత్రమే కాదు, నిలువ కూడ చేయును. అంత వేడిలో క్రొత్తక్రిములు పెరుగలేవు. సాయంకాలము దాలినుండి తీసి, చల్లార్చి, తోడు వేసెడిది. పెరుగులోని పులుపు పిమ్మట కావలి కాయును. పాలు ప్రమాదస్థితిలో ఊరక కూర్చుండు సమయము ఆమె యింట లేనేలేదు. కాని పచ్చిపాలనే తోడు వేసినచో పులుపొక్కటియే యన్ని క్రిములను చంపునని నమ్మరాదు. ముందు కాచుట, పిదప తోడు. ఈ వరుస తప్పరాదు.

ఆమె గతించిన పిదప మా యింట దాలియు పోయినది. 1946లో గుజరాతు ప్రాంతపు ఆనందులో ప్రారంభమైన పాలసహకారోద్యమము, 1970లో ఆరంభమైన పాలవెల్లువ పథకము దేశమంతట వ్యాపించి, మన రాష్ట్రమునకును డెయిరీలు వచ్చినవి. గ్రామములలో పాలు పోయించుకొను కేంద్రములు, వెన్నశాతమును బట్టి ధర, చల్లార్చు కేంద్రములు, తుదకు ప్యాకెట్టు. మన వీథులలో నేడిది సామాన్యదృశ్యము.

ఇపుడు నా రెండవ పొరపాటు. కొన్నియేండ్ల క్రిందట మండువేసవిలో మా యమ్మాయి నిశ్చితార్థము జరిగినది. ఉదయముననే దుకాణమునుండి ప్యాకెట్టుపాలు తెప్పించితిని. అవి ఎండ తగులుచున్న తొట్టెలో నుండినవి. "కాచవలెనా?" యని నా భార్య యడిగెను. "అక్కఱలేదు, పాశ్చరీకరింపబడిన పాలు" అని శాస్త్రజ్ఞునివలె బదులు చెప్పి, వంటింటి గట్టుమీద పెట్టించితిని. మధ్యాహ్నము వియ్యాలవారికి కాఫీకై పొయ్యిమీద పెట్టగా పాలన్నియు విఱిగిపోయెను. ఆమె నన్ను చూచిన చూపును వర్ణింపజాలను.

పాశ్చరీకరణము రోగక్రిములను చంపును, క్రిములన్నిటిని కాదు. మిగిలినవి చల్లదనమున నిద్రించును, వేడిమిలో మేల్కొనును. అనుకూలమైన వేడిలో 20 నిమిషములకొకసారి రెట్టింపగు క్రిమి యొక్కటియున్నచో నాలుగు గంటలలో 4,096 అగును. విద్యార్థులు లెక్క వేసి చూచుకొనవచ్చును. కావున ప్యాకెట్టు వెలుపల వ్రాసిన మాట చల్లదనము నిలిచినంతవఱకే నిజము. డెయిరీనుండి మన యింటివఱకు చల్లదనము తెగలేదని నమ్మకమున్నచో మఱల కాచనక్కఱలేదు. సందేహమున్నచో, మన యెండలలో సందేహముండుటయే సహజము, ఒక పొంగు రానిచ్చుట మేలు. మాటిమాటికి మరగించినచో కొన్ని విటమినులు తగ్గును. ఒకమారు కాచినందున మాంసకృత్తులకుగాని సున్నపుధాతువుకుగాని చెప్పదగిన నష్టము లేదు.

కాచిన పాలగిన్నెను చల్లనినీటి పళ్లెములో నుంచి త్వరగా చల్లార్చి, మూతతో శీతలపేటికలో లోపలివైపు పెట్టవలెను. తలుపునందలి అర తఱచు తెఱువబడుటచే వెచ్చబడును. నిన్నటి పాలలో నేటి పాలు కలుపరాదు. శీతలపేటిక క్రిములను చంపదు, ఆపును. కొన్నిటిని పూర్తిగా ఆపను గూడ లేదు. కాబట్టి పచ్చిపాలు అందులో పెట్టినంతమాత్రమున నిర్దోషములు కావు. అట్టపెట్టెలలో వచ్చు పాలు 135 డిగ్రీలకు పైగా కొన్ని సెకండ్లు కాచి నింపినవి. విప్పనంతవఱకు బయట నిలుచును, విప్పినది మొదలు మామూలు పాలే.

వేడికి లొంగని దోషములును కలవు. బూజు పట్టిన చెక్క, తవుడు తిన్న పశువు పాలలో దిగు అఫ్లటాక్సిను విషము, పశువులకు వాడిన మందుల శేషము మరగించినను పోవు. 2018లో ఆహారభద్రతాసంస్థవారు దేశమంతట 6,432 పాలనమూనాలను పరీక్షింపగా, నీళ్ల కల్తీకంటె భయంకరమైన సమస్యగా నీ విషము బయటపడినది. మంచి పాలు వంటింట పుట్టవు, పశువులశాలయందే పుట్టవలెను.

మా తమ్ముడిపుడు రైతు. చలికాలమున నేటికిని వాని నడుము నొచ్చును. అపుడు వాడేమియు అనడు, నేనే తలదించుకొందును. 2019లో ప్రారంభమైన జాతీయపథకము క్రింద నాలుగు మొదలు ఎనిమిది నెలల వయస్సుగల ఆడదూడలకు ఈ జబ్బు రాకుండ టీకాలు వేయుచున్నారు. ఆ దినమున మా యూరిలో మొదట దూడలను తోలుకొనివచ్చువాడు వాడే. మొన్న పండుగకు వాని యింటికి పోగా, మనుమడొకడు లోటా పట్టుకొని గుమ్మపాలు కావలెనని మారాము చేయుచుండెను. నేను మాటలాడబోయితిని. తమ్ముడు నన్ను వారించి, పిల్లవాని చేతిలోని లోటా తీసికొని, "పొంగు రానీరా, పొంగొచ్చాక మొదటి గ్లాసు నీకే" అని పొయ్యివైపు నడిచెను.

పాలు పొంగువఱకు పిల్లవాడు పొయ్యిదగ్గఱ నిలువబడెను. నేనును వాని ప్రక్కన నిలువబడితిని.

— ఒక పూర్వవిద్యార్థి