హోట్గి రోడ్డులో బోనస్ లెక్క

షోలాపురం నుంచి దక్షిణంగా సాగే హోట్గి రోడ్డు మనలో చాలామంది నడిచిన దారే. విమానాశ్రయం ఈ దారినే ఉన్నది. ఇంకా ముందుకు పోతే హోట్గి జంక్షన్. అక్కడ బీజాపురానికి ఒక లైను, గుల్బర్గాకు ఒక లైను చీలుతాయి. తెలంగాణ జిల్లాలనుంచి మగ్గాన్ని నమ్ముకుని వచ్చిన మన పెద్దల సంతతి దుప్పట్లు, టవళ్లు నేస్తూ ఈ పట్టణంలో తరాలు గడిపింది. నేతవారి ఇళ్లలో సాంచాల చప్పుడు ఆగితేనే పిల్లలు నిద్ర లేస్తారని వేడుకగా అనుకుంటూంటాము.

ఇక్కడ బోనస్ అన్న మాటకు అర్థం చెప్పనక్కరలేదు. దీపావళి దగ్గరపడితే ప్రతి ఇంటా అదే మాట. 1965 నాటి బోనస్ చట్టం, యజమానికి లాభం లేకపోయినా కనీస బోనస్ ఇవ్వవలసిందే అన్నది. తరువాతి సవరణలతో ఆ కనీసం ఏడాది జీతంలో 8.33 శాతం, అనగా పన్నెండోవంతు అయింది. అయితే పదిమంది పనివాళ్లయినా లేని చిన్న షెడ్డుకు ఆ చట్టం వర్తించలేదు. అక్కడ అంతా మాటమీద, మర్యాదమీద నడిచేదే.

ఆటల్లోనూ ఇటువంటి బోనస్ ఉన్నదని మన పిల్లలు చెబితే మొదట నవ్వాము. రగ్బీ మనకు అలవాటు లేని ఆట. కోడిగుడ్డు ఆకారపు బంతిని పట్టుకుని పరుగెత్తి, ఎదుటివారి గీత అవతల నేలకు ఆనిస్తే దానిని ట్రై అంటారు. ఆటలో 5 పాయింట్లు. పోటీ పట్టికలో లెక్క వేరు. గెలిచిన జట్టుకు 4, సరిసమానమైతే చెరి 2. దీనిని కూలి అనుకుందాము. దానిపైన బోనస్ రెండు విధాలు: నాలుగు ట్రైలు చేస్తే 1, ఓడినా 7 లేక అంతకు తక్కువ తేడాతో ఓడితే 1. గెలుపోటములు తేలిపోయినా చివరిదాకా ఎవరూ పట్టు వదలకూడదని ఈ ఏర్పాటు. ప్రపంచ కప్పులోకి ఇది 2003లో వచ్చింది.

2015 ప్రపంచ కప్పులో జపాను, అంతకుముందు రెండుసార్లు కప్పు గెలిచిన దక్షిణాఫ్రికాను 34-32తో ఓడించింది. జపానుకు 4 పాయింట్లు. ఓడిన దక్షిణాఫ్రికాకూ నాలుగు ట్రైలకు ఒకటి, స్వల్ప తేడాకు ఒకటి, వెరసి 2 వచ్చాయి. చివరకు ఆ వర్గంలో దక్షిణాఫ్రికా, స్కాట్లండు, జపాను తలా మూడు ఆటలు గెలిచి ఒకటి ఓడాయి. బోనసులతో దక్షిణాఫ్రికాకు 16, స్కాట్లండుకు 14. ఒక్క బోనసూ లేని జపాను 12తో ఇంటిదారి పట్టింది.

మన కబడ్డీలోనూ ఇటువంటిది ఉండేది. 2014లో మొదలైన ప్రొ కబడ్డీ లీగులో 7 లేక అంతకు తక్కువ తేడాతో ఓడితే 1 పాయింటు ఇచ్చేవారు. 2025లో దానిని తీసివేసి గెలుపుకు 2, ఓటమికి సున్న చేశారు. మన తెలుగు టైటాన్స్ రెండు లెక్కలూ చూసింది.

ఏది న్యాయమో పెద్దలు చెప్పాలి. మాకు తోచినది ఒక్కటే. జపానువారికి లెక్క ఆట మొదలుకాకముందే తెలుసు. కనుక తగవు లేదు. చిన్న షెడ్లలోనూ బోనస్ ఎంతో పండుగ ముందురోజు తేలడం కాదు, పడుగు ఎక్కించిన నాడే తెలియాలి.