చిన్నరైలుకు అరువు చక్రాలు

మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద ఒక మూల ఆరు నెలలుగా కంచాలకు దక్కడం లేదు. అక్కడ ఒక రైలింజన్ తయారవుతోంది. పొడవు అరచేతి కన్నా తక్కువే. మా అబ్బాయి మన స్కూల్లోనే ఎనిమిదో తరగతి. 'ఇంట్లో పిల్లలతో చేసిన పని ఏదైనా రాయండి' అని క్లాస్ టీచర్ అడిగితే, ముందు బాగా జరిగింది మాత్రమే రాద్దామనుకున్నాను. మా అబ్బాయి ఒప్పుకోలేదు. "అంతా రాయి నాన్నా, నువ్వు చేసింది కూడా" అన్నాడు. అందుకే అంతా రాస్తున్నాను.

మా నాన్నగారిది శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. ఆ వైపు వాళ్ళకు నౌపడ – గుణుపూర్ చిన్నరైలు తెలియకుండా ఉండదు. 1900లో పర్లాకిమిడి రాజావారి చొరవతో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా మొదలై, తర్వాత గుణుపూర్ దాకా సాగింది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. పెద్దరైలుకు 1676. 2004లో చిన్నరైలు ఆపేసి ఆ దారిని బ్రాడ్ గేజ్ చేశారు. నాన్నగారు చదువుకునే రోజుల్లో టెక్కలికి ఆ బండిలోనే వెళ్ళేవారు. నౌపడ ఉప్పు బస్తాల వాసన, బొగ్గు నుసి, ఎత్తు వచ్చినప్పుడు ఇంజన్ ఆయాసం... ఎండాకాలం సెలవుల్లో మనవడికి ఇవన్నీ చెప్పారు. వాడు విని ఊరుకోలేదు. "ఆ ఇంజన్ చేద్దాం తాతయ్యా" అన్నాడు.

బొమ్మ చేయడం సులువు. అది నడవాలంటేనే కష్టం. మోటారు, గేర్లు, చక్రాలు, వాటిని కలిపే కడ్డీలు ఇంత చిన్న సైజులో ఇంట్లో చేయలేం. అందుకని మోడల్ రైళ్ళు చేసేవాళ్ళు ఇంకో చిన్న ఇంజన్ కొని, దాని పైభాగం తీసేసి, కింది భాగం మీద తమ ఇంజన్ కట్టుకుంటారు. కింది భాగం ఇచ్చేదాన్ని డోనర్ ఛాసిస్ అంటారు. కిడ్నీ ఇచ్చేవాళ్ళను అన్నట్టే.

ఇక్కడ లెక్క బాగా కుదిరింది. విదేశాల్లో మామూలు రైలు గేజ్ 1435 మి.మీ. దాన్ని 160 రెట్లు తగ్గించి చేసే మోడళ్ళను ఎన్ గేజ్ అంటారు. వాటి పట్టాల మధ్య 9 మి.మీ. ఉంటుంది. మన 762ను 87తో భాగించి చూడండి, 8.76 వస్తుంది. తేడా పావు మిల్లీమీటరు కూడా లేదు. అంటే 160 రెట్లు తగ్గించిన పెద్దరైలు చక్రాల మీద, 87 రెట్లు మాత్రమే తగ్గించిన చిన్నరైలు కూర్చుంటుంది. ఈ లెక్క మా వాడే నోట్‌బుక్ వెనక పేజీలో చేసి చూపించాడు. నిష్పత్తుల పాఠంలో వాడికి వచ్చిన మార్కులు నాకు తెలుసు కాబట్టి, నేను ఇంకోసారి చేసి చూశాను. సరిగ్గానే ఉంది. డార్జిలింగ్ రైలుకైతే ఇది కుదరదు. దాని గేజ్ 610, 87తో భాగిస్తే 7 వస్తుంది.

జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు వచ్చేటప్పుడు ఎవరో వాడేసిన ఎన్ గేజ్ షంటింగ్ ఇంజన్ ఒకటి తెచ్చాడు. ఆరు చక్రాలు, వాటిని కలుపుతూ కడ్డీలు. చక్రం 8 మి.మీ. ఉంది. 87 రెట్లు చేస్తే సుమారు 70 సెంటీమీటర్లు, చిన్నరైలు చక్రానికి సరిపోయే కొలతే. నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని తిప్పి తిప్పి చూసి, "ఏటిరా ఇది, ఎనకాల చిన్న చక్రాలేవి?" అన్నారు. ఆయనకు గుర్తున్న ఇంజన్‌కు ముందు మూడు జతల చక్రాలు, వెనక డ్రైవర్ నిలబడే చోటు కింద రెండు జతల బుల్లి చక్రాలు. సరే, వాటిని విడిగా తగిలించాలి. ఇలా కింద తిరిగే చక్రాల బండిని బోగీ అంటారని చెబితే నాన్నగారు నమ్మలేదు. మనకు బోగీ అంటే మనుషులెక్కే పెట్టె కదా.

కొలతలకు మాకు డ్రాయింగ్ దొరకలేదు. నాన్నగారి పాత ఫోటో ఒకటి ఉంది, ఇంజన్‌ను ఆనుకుని నిలబడి తీయించుకున్నది. ఫోటోలో ఆయన 32 మి.మీ., పొగగొట్టం పైఅంచు 51 మి.మీ. ఆయన అసలు ఎత్తు 168 సెంటీమీటర్లు. దాన్నిబట్టి పొగగొట్టం ఎత్తు 268 సెం.మీ., మా మోడల్‌లో 31 మి.మీ. అలా తాతయ్య ఎత్తే స్కేలు అయింది. మా వాడు ఆయన్ను గోడకు నిలబెట్టి మరీ కొలిచాడు. "ఇప్పుడు రెండు సెంటీమీటర్లు తగ్గారు, అప్పటిదే తీసుకుందాం" అన్నాడు.

ఇక నా సంగతి.

జూలైలో యూనిట్ టెస్ట్‌లు వచ్చాయి. శనివారం దాకా ఇంజన్ ముట్టుకోకూడదని నేనే చెప్పాను. వాడు మాట విని, డబ్బా మూత పెట్టి పైన పెట్టాడు. గురువారం రాత్రి వాడు పడుకున్నాక నేనే ఆ డబ్బా దించాను. ఛాసిస్ పైనున్న బరువు దిమ్మ మూలలు కొత్త బాయిలర్‌లో పట్టడం లేదు. కాస్త అరగదీస్తే వాడికి శనివారం పని సులువవుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు చేయాలని ఉంది, అంతే.

ఈ ఛాసిస్ రెండు సగాలుగా ఉంటుంది. రెండూ జింకు మిశ్రమం పోతపోసినవి, మధ్యలో ప్లాస్టిక్ ముక్కలు. ఎడమ పట్టా నుంచి వచ్చే కరెంటు ఎడమ సగంలోంచి, కుడి పట్టాది కుడి సగంలోంచి మోటారుకు వెళుతుంది. రెండు సగాలూ ఒకదానికొకటి తగలకూడదు. అంటే ముందు మోటారు బయటకు తీసి, సగాలు విడదీసి, విడివిడిగా ఆకురాయి పెట్టాలి. నేను మొత్తాన్ని అలాగే వైస్‌లో బిగించి రాకేశాను. పావుగంటలో పని అయిపోయిందని సంతోషించాను కూడా.

శనివారం సాయంత్రం వాడు 12 వోల్టుల అడాప్టర్ తగిలించాడు. అడాప్టర్ లైటు ఆరిపోయింది. తీసి పెడితే వెలుగుతుంది, పట్టా మీద ఇంజన్ పెడితే ఆరిపోతుంది. మల్టీమీటర్ పెట్టాడు, బీప్ మంది. రెండు సగాలు కలిసిపోయాయి. అప్పుడు చూశాడు, మూలలు అరిగి మెరుస్తున్నాయి.

అరవలేదు. "నాకు చదువుకోమని చెప్పి నువ్వు ఆడుకున్నావా?" అన్నాడు. తర్వాత "నువ్వే చేసుకో నాన్నా" అని లోపలికి వెళ్ళిపోయాడు. నేను కారణాలు చెప్పబోయాను. మా ఆవిడ కళ్ళతోనే వద్దంది.

ఎనిమిది రోజులు ఆ డబ్బా ఎవరూ తీయలేదు. మా వాడు నాతో మామూలుగానే మాట్లాడాడు, హోంవర్క్ సంతకాలూ పెట్టించుకున్నాడు. కానీ భోజనాల దగ్గర ఆ మూలకు పుస్తకం అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. తొమ్మిదో రోజు నేను వాడి దగ్గరకు వెళ్ళి, "తప్పు నాది. నీకు చెప్పిన నియమం నేనే పాటించలేదు. ఎలా బాగుచేయాలో నాకు తెలియదు, నువ్వు చూస్తే నేను పట్టుకుంటాను" అన్నాను. వాడు కాసేపాగి, "పట్టుకోవడమేనా?" అని అడిగాడు. పట్టుకోవడమే అన్నాను.

విప్పితే సగాల సందులో బూడిదరంగు పొడి. జింకు అయస్కాంతానికి అంటుకోదు, కాబట్టి ఆ దారి లేదు. పాత టూత్‌బ్రష్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టి గేరు పంటి పంటినీ తుడిచాడు. మోటారు అదృష్టవశాత్తూ కాలలేదు. అయితే ఇంకో నష్టం బయటపడింది. వైస్ బిగింపుకు మధ్య ఇరుసు కూర్చునే చోట సన్నని పగులు. దానికి బయటివైపు చిన్న ఇత్తడి రేకు పెట్టి ఎరాల్‌డైట్‌తో అతికించాడు. రాత్రంతా ఆరబెట్టాం. నేను టార్చి పట్టుకున్నాను.

అరగదీయడం వల్ల బరువు తగ్గి చక్రాలు జారాయి. బాయిలర్‌లో గాలానికి కట్టే సీసం గుండ్లు నింపాక పట్టు వచ్చింది. సీసం ముట్టుకున్న ప్రతిసారీ మా ఆవిడ ఇద్దరినీ సబ్బుతో చేతులు కడుక్కోమని సింకు దగ్గరే నిలబడేది. వెనక బోగీ మాత్రం మూడు వారాలు ఏడిపించింది. వంపులో ప్రతిసారీ పట్టా దిగిపోయేది. స్క్రూ రంధ్రం గుండ్రంగా ఉంటే చాలదు, అది పక్కకు జరగడానికి అడ్డంగా సన్నని గాడి కావాలని మా వాడే కనిపెట్టాడు. దాని మీదా ఒక సీసం గుండు పెట్టాడు. అప్పటి నుంచి దిగలేదు.

దసరాకు నాన్నగారు వచ్చినప్పుడు నడిపాం. పగులు అతికిన చోట ఇరుసు ఒక వెంట్రుక వాసి పక్కకు ఉంది కాబట్టి చక్రం ప్రతి చుట్టుకూ ఇంజన్ కొంచెం తల ఊపుతుంది. అది చూసినప్పుడల్లా నాకు ఆ గురువారం రాత్రి గుర్తొస్తుంది. నాన్నగారికి ఆ కథ ఎవరూ చెప్పలేదు. ఆయన టేబుల్ అంచుకు గడ్డం ఆనించి రెండు చుట్లు చూశారు.

"ఊగుడు కూడా పెట్టేరా? టెంబూరు కాడ ఇలాగే ఊగేది" అన్నారు.

మా వాడు నావైపు చూసి, "అది నాన్న పెట్టాడు తాతయ్యా" అన్నాడు.

ఇప్పుడు పెట్టెలు చేయాలి. ఒక్కో పెట్టెకు కిటికీలెన్ని అన్న దగ్గర తాతా మనవడూ ఇంకా తేల్చుకోలేదు. ఫోన్‌లో రోజూ అదే వాదన.