చీటీ డబ్బులతో సముద్రం అడుగుకి

“ఊపిరి పీల్చుకోవడానికి ముప్ఫై వేలు పోసే మనిషిని నిన్నే చూస్తున్నాను. ఇంట్లో గాలి ఊరికే దొరుకుతోంది కదా!” అన్నారు మావారు.

ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. స్కూబా డైవింగు అంటే అంతే మరి. వీపుకి సిలిండరు కట్టుకుని, నీళ్ల అడుగున ముప్పావు గంట ఊపిరి పీల్చుకుని పైకి రావడం. ఆ మాత్రం పనికి నేను ఇరవై నెలలు చీటీ కట్టాను.

మాది అలంపూరు. మావారికి అండమాన్ దీవులకు బదిలీ అయింది. మేము వచ్చిననాడు ఊరి పేరు పోర్టుబ్లెయిరు. 2024లో శ్రీవిజయపురం అయింది. ఎక్కడో సముద్రం నడుమ పడ్డామని దిగులుపడుతూ బజారుకు వెళితే, చేపల గంప ముందు కూర్చున్నామె శ్రీకాకుళం యాసలో బేరమాడుతోంది! 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు ఎనిమిది మందిలో ఒకరి మాతృభాష తెలుగేనట. కనుక మాటకు లోటు లేదు. లోటల్లా డబ్బుకే. కూరగాయలు చాలా మట్టుకు సముద్రం దాటి రావాలి. తుపాను పట్టి ఓడ ఆలస్యమైతే ఉల్లిపాయ కూడా ముఖం చాటేస్తుంది.

అటువంటి సంసారంలో డైవింగు కోరిక పుట్టడమే విడ్డూరం. పుట్టడానికి కారణం చెబుతాను.

మా అమ్మ పుట్టిల్లు కృష్ణా, తుంగభద్రలు కలిసే చోటికి దగ్గర ఒక చిన్న పల్లె. 1981లో శ్రీశైలం జలాశయం కింద సుమారు నూరు గ్రామాలు ఖాళీ అయినప్పుడు అదీ పోయింది. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయిగా విప్పి తెచ్చి అలంపూరులో మళ్లీ కట్టారు. అమ్మ పుట్టింటి నుంచి వచ్చినవి రెండు దూలాలూ, ఒక గడపా. వేసవిలో నీళ్లు తీసినప్పుడు మునిగిన ఊళ్ల దిబ్బలు చూడ్డానికి చాలామంది వెళతారు. మా అమ్మ ఒక్కనాడూ వెళ్లలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి అలంపూరు వీధుల్లోకి వచ్చినప్పుడు మాత్రం, మిద్దె మీద కూర్చుని, “ఈడికి గూడా వచ్చినవా తల్లీ” అన్నది. నీరు అంటే మా ఇంట్లో తీసుకుపోయేదేగాని చూపించేది కాదు. దాని అడుగున ఏముంటుందో నాకు చిన్నప్పటినుంచీ ఒక కుతూహలం. అమ్మని అడగడానికి నోరు వచ్చేది కాదు.

ఇక డబ్బు సంగతి. స్వరాజ్ ద్వీపం, అదే 2018 దాకా హావ్‌లాక్, అక్కడ డైవింగు రెండు రకాలుగా అమ్ముతారు. ఒకటి ‘ట్రయల్’. నాలుగైదు వేలు కడితే గురువు మెడ వెనక పట్టుకుని అరగంట నీళ్లలో తిప్పి తెస్తాడు. ఈత రానక్కరలేదు. ఫొటో తీసి పంపుతారు. రెండోది కోర్సు. మూడు నాలుగు రోజులు పాఠం, నాలుగుసార్లు సముద్రంలో దిగడం, చివర పద్ధెనిమిది మీటర్ల లోతుదాకా దిగవచ్చునని ఒక కార్డు. దీనికి పాతిక ముప్ఫై వేలు. వచ్చినవాళ్లలో చాలామంది మొదటిదానితో సరిపెట్టుకుంటారు. నాకు మాత్రం ఒకరు మెడ పట్టుకుని తిప్పితే చూసినట్టే ఉండదనిపించింది.

క్వార్టర్సులో నలుగురు పిల్లలకు లెక్కల ట్యూషను చెప్పాను. నెలకు పదిహేను వందల చీటీ, ఇరవై మంది. పాటకు దిగకుండా చిట్టచివరి దాకా ఆగి మొత్తం ముప్ఫై వేలూ ఎత్తాను. ఫ్రిజ్ మార్చాలని మావారి ఉద్దేశం. పాత ఫ్రిజ్ ఇంకా చప్పుడు చేస్తూ నడుస్తూనే ఉంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఆయన నా వంక చూస్తారు.

పొదుపు చెయ్యగలిగిన చోట్లు చాలా ఉన్నాయి. ప్రైవేటు ఓడకు బదులు సర్కారు ఓడ ఎక్కాను. దీవిలో ఉండేవాళ్లకు టిక్కెట్టులో రాయితీ. రెండున్నర గంటలు కూర్చోవాలి, కూర్చున్నాను. బస రిసార్టులో కాదు, పరిచయస్థుల ఇంట్లో. మొదటి రెండు రోజులకు పులిహోర, తరువాతికి జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి. వీడియో తీస్తామన్నారు, వద్దన్నాను. కోర్సుకు రెండు వందల మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీటి మీద తేలాలి. ఆ చదువు నాకు ఉచితంగా అబ్బింది. తొమ్మిదేళ్లప్పుడు మా తాత నడుముకి బెండ్లు కట్టి బావిలోకి తోశాడు. పైన గట్టు మీద నిలబడి అమ్మ శాపనార్థాలు పెడుతూనే ఉంది.

అయితే చెయ్యకూడని చోట ఒక్క పైసా మిగుల్చుకోకూడదు సుమండీ. చెవికో ఊపిరితిత్తులకో జబ్బు ఉంటే దాచకూడదు; ముందు డాక్టరుకు చూపించుకోవాలి. గురువు వెంట ఎంతమందిని తీసుకువెళతాడో అడగాలి. ఎవరైనా మరీ చవకగా చేస్తామంటే ఆ తగ్గింపు గాలిలోనో, గొట్టంలోనో, గురువులోనో ఉంటుంది.

మా గురువు ఇక్కడే పుట్టిన కుర్రాడు. తాతలది శ్రీకాకుళం. “అక్కా, రెండే రెండు గుర్తెట్టుకోండి. ఊపిరి బిగబట్టకండి. తొందరపడి పైకి రాకండి” అన్నాడు. ఎంచేతనంటే, పది మీటర్ల అడుగున నీటి బరువు వల్ల గాలి సగానికి నొక్కుకుపోతుంది. అక్కడ నిండుగా పీల్చి, నోరు మూసుకుని పైకి వస్తే ఆ గాలి రెట్టింపు ఉబ్బి ఊపిరితిత్తుల్ని చింపేస్తుంది. సిలిండరులో ఉండేది ఆక్సిజన్ అనుకుంటారు చాలామంది. కాదు, మనం పీల్చే మామూలు గాలే. పదకొండు లీటర్లు పట్టే సీసాలో రెండు వేల లీటర్ల పైచిలుకు గాలిని కుక్కి పెడతారు. 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు కలిసి, అడిగినప్పుడు అడిగినంత గాలి ఇచ్చే పరికరం తయారుచేశారు. ఈ విద్యకంతకూ అదే పునాది.

రబ్బరు చొక్కా తొడుక్కునేటప్పుడు, అలంపూరులో ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అని ఒక క్షణం అనిపించిన మాట నిజం. పడవ అంచున వెల్లకిలా పడి నీళ్లలోకి దిగాను. రెండు మీటర్లకే చెవులు నొప్పి. ముక్కు మూసుకుని మెల్లగా లోపలికి గాలి ఊదితే టప్పుమని వదిలింది. మళ్లీ రెండు మీటర్లు, మళ్లీ ఊదడం. భయం వెయ్యలేదా అంటే, వేసింది. గుండె చప్పుడు, నా ఊపిరి చప్పుడు తప్ప మరొకటి వినపడదు. ఊరి మొత్తానికి నేనొక్కతెనే మేలుకున్నట్టు ఉంది.

మోకాళ్లు ఇసుకకు తగిలాయి. తల ఎత్తితే పైన వెలుగు, పడవ అడుగు. నీరు ఇక్కడ అద్దం. ఇరవై అడుగుల అవతల చేప రెప్పలేని కన్ను కనబడుతోంది. రంగురంగుల చిలుకచేపలు పగడపు రాతిని పళ్లతో కొరుకుతుంటే టకటక వినిపించింది. అవి కొరికి, అరిగించుకుని, విడిచిందే తెల్లని ఇసుకగా మారుతుందట. ఒడ్డున ఇసుక చూసి మురిసిపోయే కొత్త జంటలకు ఈ సంగతి చెప్పను. పగడాలు రాళ్లు కావు, ప్రాణులు. కొన్నిచోట్ల చచ్చి బూడిదరంగు మేట వేసి ఉన్నాయి. 2010లోనూ 2016లోనూ నీరు అతిగా వేడెక్కి తెల్లబడి చనిపోయినవి చాలా ఉన్నాయని గురువు తరువాత చెప్పాడు. చూసినంతసేపూ నాకు దిబ్బలైన ఊళ్లే గుర్తుకు వచ్చాయి. ఆ దిబ్బల మధ్యనే గోరంత కొత్త పగడం మొలుస్తోంది.

నా మణికట్టుకు జోగులాంబ గుళ్లో కట్టించుకున్న ఎర్రదారం ఉంది. పన్నెండు మీటర్ల దగ్గర చూసుకుంటే అది నల్లగా, మట్టిరంగుగా ఉంది. నీరు అన్నిటికంటే ముందు ఎరుపునే మింగేస్తుందట. కుర్రాడు నా చూపు గమనించి టార్చి వేశాడు. భగ్గున ఎరుపు! దారం రంగు ఎక్కడికీ పోలేదు. మూడుసార్లు వేయించుకుని చూశాను. బాటరీ దండగ అనుకున్నాడో ఏమో పాపం.

గాలి లెక్క చూపే ముల్లు ఒకటి ఉంటుంది. రెండు వందల దగ్గర మొదలై యాభైకి రాగానే అందరూ పైకి రావాలి. లోతున ప్రతి ఊపిరీ ఎక్కువ గాలి తింటుంది, కంగారుపడితే మరీను. మాతో దిగిన వ్యాయామశాల యువకుడు ముందే యాభైకి వచ్చేశాడు. అప్పటికి నా ముల్లు తొంభై మీద ఉంది. నెలాఖరుకి నూనె పొదుపు చేసిన చెయ్యి కదా! అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి తాపీగా పైకి వచ్చాం. ఆ యువకుడికి మర్నాడు పొద్దున్నే విమానం ఉందట. పద్ధెనిమిది గంటలు గడవందే ఎక్కకూడదని గురువు అతని టిక్కెట్టు మార్పించాడు. మనకా బాధ లేదు, సర్కారు ఓడే.

ఇంటికి వచ్చి అమ్మకు ఫోను చేశాను. ముందు తిట్టింది. “నీళ్లల్లకి పోయి ఏం చూస్తవే? మునిగినోళ్లం మేము చాలమా?” అంది. చేపల గురించి చెప్పాను, ఎర్రదారం గురించి చెప్పాను. కాసేపు మాట లేదు.

“మన కృష్ణల దిగినా గట్లనే కనపడతదా?” అని అడిగింది.

“లేదమ్మా. అక్కడ ఒండ్రునీళ్లు. చెయ్యి చాపితే చెయ్యే కనపడదు.”

“ఇంటి ముందర వేపచెట్టు ఉండె. నీళ్లల్ల చెట్టు ఎన్నేండ్లు నిలబడతది?”

నలభై ఏళ్లలో అమ్మ ఆ ఇంటి గురించి నోరు విప్పి అడిగిన మొదటి మాట అది. మునిగిన చెట్టు త్వరగానే చచ్చిపోతుందిగాని, మోడు ఏళ్ల తరబడి నిలబడుతుందని చెప్పాను. మా గురువు చెప్పిన సంగతే.

“నిలబడతదా” అంది. తరువాత, “ఆడ బెండకాయలు కిలో ఎంతనే?” అని అడిగింది.

చెప్పాను. “అమ్మో!” అంది.