మంజీర నుంచి ద్రాక్షతోటల దాకా

మా బాన్సువాడలో పంటకు ప్రాణం నిజాంసాగర్. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు మంజీర నది నీళ్లను మా వరిమళ్లకు అందిస్తుంది. మిగిలిన మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి పుట్టేది త్ర్యంబకేశ్వర్‌లో. ఆ చుట్టుపక్కలే, నాసిక్ జిల్లాలో, మన దేశపు ఎర్ర వైన్ పెద్ద ఎత్తున తయారవుతుంది. అందుకే ఫిబ్రవరిలో, ద్రాక్ష కోతలు సాగుతున్న రోజుల్లో, నదికి ఎదురు ప్రయాణం పెట్టుకున్నాను.

బయల్దేరే ముందు మా ఊరి గీత కార్మికుడొకాయన అడిగిండు: "ఈత కల్లు పొద్దుగాల తియ్యగుంటది, పొద్దుగూకేసరికి పులుస్తది. గా ద్రాక్షది ఏండ్లకేండ్లు ఎట్ల నిలుస్తదో సూసి చెప్పు బిడ్డా." "సరే మామా" అన్నాను. దారిపొడుగునా అదే ప్రశ్న.

నిజామాబాద్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. బాసర వంతెన కింద పారేది అప్పటికే మా మంజీరను కలుపుకున్న గోదావరి. నాందేడ్, జాల్నా, ఔరంగాబాద్, మన్మాడ్ దాటి, తెల్లవారక ముందే నాసిక్ రోడ్‌లో దిగితే ఒళ్లు వణికింది. ఊరు దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంది. పగలు ఎండ, రాత్రి చలి. ద్రాక్షలో తీపి పెరగాలన్నా, పులుపు మిగలాలన్నా ఈ తేడానే కావాలి.

గంగాపూర్ డ్యామ్ దగ్గరి సులా తోటలకు వెళ్లాను. రాజీవ్ సామంత్ 1999లో ఆ సంస్థను మొదలుపెట్టారు, మరుసటి ఏడాది తొలి వైన్ బయటికొచ్చింది. 2001లో మహారాష్ట్ర ప్రత్యేకంగా ద్రాక్ష వైన్ విధానం తెచ్చాక చుట్టూ ఇంకా చాలా వైనరీలు లేచాయి. యూరప్‌లో చలికాలం తీగ నిద్రపోతుంది. ఇక్కడ నిద్ర లేదు కాబట్టి ఏడాదికి రెండుసార్లు కొమ్మ కత్తిరిస్తారు, పంట మాత్రం ఒక్కటే తీస్తారు. వానలు వెనకబట్టాక కత్తిరిస్తేనే కాయ జనవరి నుంచి మార్చి లోపు చేతికొస్తుంది.

షిరాజ్ అనే ఎర్ర వైన్ ద్రాక్ష గుత్తి ఒకటి చేతిలో పెట్టారు. హైదరాబాద్ తోటల అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష చూసిన కళ్లకు ఇవి మరీ చిన్న కాయలు. తోలు మందం, లోపల విత్తనాలు. ఒకటి నలిపి చూశాను, రసానికి రంగు లేదు! ఎరుపంతా తోలులోనే ఉంది. అందుకే ఎర్ర వైన్‌కు రసాన్ని తోలుతో, గింజతో కలిపే పులియబెడతారు. ఈస్ట్ పని మొదలుపెట్టగానే గ్యాస్ తన్ని తోళ్లన్నీ పైకి తేలి మందంగా గట్టిపడతాయి. వాటిని అలాగే వదిలేస్తే చెడిపోతాయి. కింది ద్రవాన్ని పంపుతో పైకి తోడి రోజూ వాటిమీద పోస్తుంటారు. ట్యాంకు అంచున నిలబడితే ముక్కుపుటాలు అదిరేంత ఘాటు. రంగుతో పాటు వగరునిచ్చే టానిన్ దిగేదీ అప్పుడే. తర్వాత తోడిపోసిన వైన్‌లోని కోసే పులుపును బ్యాక్టీరియా పెరుగులో ఉండే ఆమ్లంగా మారుస్తుంది. కొంత వైన్ 225 లీటర్ల ఓక్ పీపాల్లోకి పోతుంది.

మామ ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది. కల్లులో ఆల్కహాల్ ఐదు శాతం దరిదాపుల్లోనే ఉంటుంది, గాలి ఎప్పుడూ తగులుతుంటుంది. వైన్‌లో 13, 14 శాతం, దానికి తోడు ద్రాక్ష పులుపు, టానిన్, చెడకుండా కాపాడే సల్ఫైట్ కొద్దిగా, గాలి చొరబడని సీసా. అందుకే నిలుస్తుంది. ద్రాక్ష వైన్‌కు దొరికిన అతి పాత ఆనవాళ్లూ కుండల్లోనివే. జార్జియా దేశంలో ఎనిమిది వేల ఏళ్ల నాటి కుండపెంకుల్లో అవి దొరికాయి. అక్కడ ఇప్పటికీ క్వెవ్రీ అనే పెద్ద మట్టిజాడీలను భూమిలో పాతి పులియబెడతారు, 2013లో యునెస్కో ఆ పద్ధతిని వారసత్వ జాబితాలో చేర్చింది.

రుచి చూసేటప్పుడు తేడాలు తెలిశాయి. నేరేడు పండు తిన్నాక నాలుక పట్టేసినట్టు చేసే వగరే టానిన్. కాబెర్నే సావిన్యో అనే రకంలో అది ఎక్కువ. షిరాజ్‌లో మిరియాల ఘాటు, నల్లపండ్ల వాసన. మెర్లో, జిన్ఫాండెల్ కాస్త మెత్తన. నాకు ఓక్ వాసన పైకి తేలని లేత షిరాజ్ బాగా నచ్చింది. పీపా ఘనతే తప్ప పండు కనబడని వైన్‌కు అంత ధర ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ రాత్రి జొన్న భాక్రీ, మటన్ రస్సా అనే పులుసు కూరతో ఎర్ర వైన్ తాగాను. మాంసంలోని కొవ్వు, ప్రోటీన్ టానిన్‌ను మెత్తబరిచాయి. కానీ రస్సాలో కారం ఎక్కువైన చోట ఆల్కహాల్ మంటను రెట్టించింది. కాబట్టి మన ఇళ్లలో మసాలా పాళ్లు దించి వండిన మటన్ కూర, జొన్నరొట్టె, కాల్చిన మాంసం దీనికి సరైన జోడీ. ఎర్రకారం దట్టించిన వేపుళ్లకు మాత్రం వద్దు. నిజాంసాగర్ చేపల పులుసుకూ వద్దు, చేప నూనె, వైన్‌లోని ఇనుము కలిస్తే నోట్లో నీచు రుచి మిగులుతుంది. మిఠాయితో కలిపి తాగితే వైన్ చేదెక్కుతుంది.

మొదటిసారి కొనేవాళ్లు కాబెర్నేతో కాక మెర్లోతోనో, లేత షిరాజ్‌తోనో మొదలుపెట్టండి. మన ఎండల్లో గది వేడి పనికిరాదు, తాగే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. మూత తీశాక మళ్లీ బిగించి ఫ్రిజ్‌లోనే ఉంచి, మూడు నాలుగు రోజుల్లో అవగొట్టండి.