వృకోదరుడి భోజనం

కంచం ముందు కూర్చుంటే నేను లేవడానికి ఏడు నిమిషాలు పడుతుంది. ఈ లెక్క మా ఆవిడ గడియారం చూసి కట్టింది. "ఎవరు తరుముకొస్తున్నారండీ?" అని ఇరవై ఏళ్లుగా అడుగుతూనే ఉంది. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఈ విద్యలో నన్ను మించినవాడు మా ఇంటికే వస్తాడని ఇద్దరమూ అనుకోలేదు.

2021 వానాకాలంలో మా అబ్బాయి ఒక వీధికుక్కపిల్లను చొక్కాలో దాచి తెచ్చాడు. ఒళ్లంతా ఎముకలే. గిన్నెడు పెరుగన్నం పెట్టి తలుపు వేసి వచ్చేలోగా గిన్నె ఖాళీ! తెలుగు పాఠం చెప్పుకు బతికేవాణ్ణి కదా, భారతం గుర్తొచ్చి 'వృకోదరుడు' అని పేరు పెట్టాను. తోడేలు కడుపువాడని భీముడికి ఉన్న పేరు. పిల్లలు నోరు తిరగక 'భీముడు' చేసేశారు.

మొదట్లో అదో వినోదం. ఇంటికొచ్చిన వాళ్లకు వాడి భోజనం చూపించి మురిసిపోయేవాళ్లం. తిన్నది తిన్నట్టే కక్కినా పట్టించుకోలేదు. ఒక ఆదివారం చపాతీ ముక్క వాడి గొంతుకు అడ్డం పడింది. కళ్లు తేలేశాడు. మా అబ్బాయి ఏడుపు లంకించుకున్నాడు. నేను చేతులు నలుపుకుంటూ నిలబడ్డాను. చివరికి వాడే దగ్గి దగ్గి బయటికి తెచ్చాడు గాని, ఆ కాసేపూ నా కొడుకు ముఖం చూడలేకపోయాను.

మర్నాటి నుంచి క్రమశిక్షణ మొదలుపెట్టాను. సగం తినగానే గిన్నె లాక్కునేవాణ్ణి. గుర్రుమంటే పేపరు చుట్టి ఒకటి వేసేవాణ్ణి. వాడు మరీ వేగంగా మింగసాగాడు.

పశువుల డాక్టరు గారు అంతా విని, "మాస్టారూ, వీడిది పొగరు కాదు, భయం" అన్నారు. "అరడజను పిల్లల మధ్య ఒక ఎంగిలాకు దగ్గర పెరిగినవాడు. ఆలస్యమైతే మిగలదని నేర్చుకున్నాడు. మీరు గిన్నె లాక్కుంటే, ఆ భయం నిజమేనని చెప్పినట్టు కాదూ?"

నులిపురుగులున్నా ఆకలి పెరగవచ్చునని మందు ఇచ్చారు. ఆత్రంగా మింగితే గాలి కూడా లోపలికి పోతుందట. లోతైన ఛాతీ గల పెద్దజాతి కుక్కలకైతే పొట్ట ఉబ్బి, మెలిపడి, గంటల్లో ప్రాణం మీదికి రావచ్చునట. రోజు తిండిని మూడు నాలుగు సార్లుగా పెట్టమనీ, ఒకచోట కుప్ప పోయక పరిచి పెట్టమనీ, తినేటప్పుడు వాడి జోలికి పోవద్దనీ చెప్పారు.

ఉపాయం మా ఆవిడకు తట్టింది. వాళ్లది అనంతపురం. పెళ్లినాడు మా అత్తగారిచ్చిన గుంటపొంగణాల పెనం అటక మీంచి దించింది. ఇనుపది, ఏడు గుంటలు. ఒక్కో గుంటలో ఇంత అన్నం మెదిపి పెట్టి, జారకుండా కింద తడి గోనెపట్టా వేసింది. భీముడు ఒక గుంట నాకి, తలెత్తి మమ్మల్ని చూసి, రెండో గుంటకు వెళ్లాడు. ఎవరూ లాక్కోలేదు. అర నిమిషం భోజనం ఆరు నిమిషాలు పట్టింది.

"మీ అమ్మగారి పెనం కుక్కకా?" అన్నాను.

"అమ్మే ఉంటే తనే దించేది" అంది.

ఆ రాత్రి నా కంచం చూసి మళ్లీ అదే ప్రశ్న. ఈసారి నవ్వి ఊరుకోలేకపోయాను. నాన్న పోయాక చదువుకున్న హాస్టలు సంగతి చెప్పాను. అక్కడ ముందు తిన్నవాడికే మారు అన్నం. వెనకబడితే గిన్నె అడుగు గీరుకోవాలి. ఇన్నేళ్లలో ఈ మాట ఆమెకు చెప్పలేదు.

ఆమె ఏమీ అనలేదు. మర్నాటి నుంచి నాకు అన్నం కొద్దికొద్దిగా వడ్డిస్తోంది. గిన్నె మాత్రం మూత తీసి నా ఎదురుగానే ఉంచుతుంది, ఇంకా ఉందని కనబడేలా. ఇప్పుడు నా భోజనం పావుగంట.