పూత కింద లోహం

మా ఇంటి హాలులో నాలుగు గోడ లైట్లు ఉండేవి. రెండు మా మామగారు కొన్నవి. రెండు ఇల్లు పెంచినప్పుడు జతచేసినవి. నాలుగూ ఒకే పసుపు రంగులో మెరిసేవి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్ళు కర్నూలు పాతబస్తీని ముంచెత్తినప్పుడు అవీ మునిగాయి. బురద కడిగి చూస్తే భేదం బయటపడింది. పాత జతకు పచ్చని చిలుము పట్టింది. కొత్త జతపై పూత పొరలుగా లేచి, కింద ఎర్రని తుప్పు కనిపించింది.

రాగి, జింకు కలిస్తే ఇత్తడి. దానికి పట్టేది చిలుము. తుప్పు పట్టేది ఇనుముకు. ఈ సంగతి తెలియడానికి వరదే రానక్కరలేదు. అయస్కాంతం ఆనిస్తే చాలు. గట్టిగా అతుక్కుంటే లోపల ఇనుమే. అతుక్కోనంత మాత్రాన ఇత్తడేనని తీర్మానించరాదు. అల్యూమినియానికీ, జింకు పోతకూ అయస్కాంతం అంటదు. అప్పుడు గోడకు ఆనే వైపున సూదితో సన్నని గీత గీయాలి. లోపలా పసుపే కనిపిస్తే ఇత్తడి, తెల్లగా కనిపిస్తే పూత.

ఆ రోజుల్లో మాకు ప్రతి రూపాయీ అవసరమే. పాత సామాను కొనే వ్యాపారి ఒకరు తుప్పు లైట్లను చూసి, "బంగారు రంగు స్ప్రే కొట్టించండమ్మా, ఇత్తడి ధరకే అమ్మిపెడతాను" అన్నాడు. మా అత్తగారు ఒప్పుకోలేదు. "కింద ఇనుమని చెప్పి అమ్మగలిగితే అమ్ము నాయనా, లేకుంటే మా ఇంట్లోనే ఉండనీ" అన్నారు. అతడు పాత ఇనుము ధర చెప్పాడు. మేము ఇవ్వలేదు.

మెయిన్ ఆపించి నాలుగూ విప్పించాము. తడిసిన వైర్లు, హోల్డర్లు తీసివేసి ఎలక్ట్రీషియన్ చేత కొత్తవి వేయించాము. ఇత్తడి జతను చింతపండు, ఉప్పుతో తోమి, కడిగి, బాగా ఆరబెట్టాము. కొత్త ఇత్తడి సామానుపై పారదర్శకమైన లక్క పూత ఉంటే, అది తీయనిదే చింతపండు పనిచేయదు. ఇనుప జతను ఉప్పుకాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ పూసి, అది ఆరాక నల్లని ఎనామిల్ రంగు వేశాము. హోల్డరుకు, వైర్లకు రంగు తగలనీయలేదు. ఆ నల్ల లైట్లు నేటికీ మా వరండాలో వెలుగుతున్నాయి.

పెళ్ళికో, పండుగకో లైట్లు కొనబోయే సోదరీమణులు చిన్న అయస్కాంతం వెంట తీసుకువెళ్ళండి. పూత వేసిన సరుకు కొనడంలో తప్పు లేదు. దానికి పూత ధరే చెల్లించండి. రేపు మీరు దాన్ని అమ్మవలసివస్తే, కొనేవారికి లోపలి లోహం పేరు చెప్పి అమ్మండి.